సంఖ్య చేతులు మారే చోట: పైథాన్‌తో పదార్థాల లెక్కలు

సిలికాన్ స్ఫటికాన్ని పేర్చి, దాని శక్తిని లెక్కగట్టి, ఎంత ఒత్తిడికి ఎంత నలుగుతుందో చెప్పే ప్రోగ్రామ్ ఇవాళ పైథాన్‌లో పాతిక వరుసలు దాటదు. ఒకప్పుడు ఇదే పనికి ఇన్‌పుట్ ఫైళ్లు చేత్తో రాసుకుని, వేల వరుసల అవుట్‌పుట్‌లోంచి కావలసిన అంకెను ఏరుకోవాల్సి వచ్చేది. ఏఎస్ఈ, పైమాట్‌జెన్, ఎస్‌పీజీలిబ్, ఫోనోపై వంటి లైబ్రరీలు ఆ చాకిరీని తీసేశాయి. అన్నీ ఉచితం, సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా చదివి దిద్దవచ్చు.

విడివిడిగా చూస్తే వీటిలో ప్రతిదీ నమ్మదగిందే. చిక్కు వచ్చేది ఒక పనిముట్టు ఇచ్చిన సంఖ్యను ఇంకోటి అందుకునే చోట. అక్కడ ప్రమాణాలు మారిపోతాయి, సగం నిండిన స్థానం పూర్తిగా నిండినట్టు చదవబడుతుంది, వేర్వేరు పద్ధతుల్లో లెక్కించిన శక్తులు ఒకే పట్టికలోకి చేరతాయి. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా అందంగానే వస్తుంది. అందుకే ఈ పనిముట్ల గురించి తెలుసుకోవలసినదంతా ఆ అతుకుల దగ్గరే ఉంది.

ఆటమ్స్, కాలిక్యులేటర్

ఏఎస్ఈ అంటే అటామిక్ సిమ్యులేషన్ ఎన్విరాన్‌మెంట్. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని తొలి పత్రం 2002లో, ఇప్పటి రూపాన్ని వివరించేది 2017లో వచ్చాయి. దీని నిర్మాణం చాలా సరళం. ఏ పరమాణువు ఎక్కడుంది, సెల్ కొలతలేమిటి, ఏ దిశల్లో స్ఫటికం పునరావృతమవుతుంది అన్నవి ‘ఆటమ్స్’ అనే ఆబ్జెక్టులో ఉంటాయి. శక్తినీ, బలాలనూ, ప్రతిబలాన్నీ లెక్కించే బాధ్యత దానికి తగిలించిన ‘కాలిక్యులేటర్’ది. ఆ కాలిక్యులేటర్ క్వాంటమ్ లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్ప్రెసో కావచ్చు, జీపీఏడబ్ల్యూ కావచ్చు, పరమాణువుల కదలికలు లెక్కించే లామ్ప్స్ కావచ్చు, మెషీన్ లెర్నింగ్ మోడల్ కావచ్చు. దాన్ని మార్చినా మిగతా స్క్రిప్టు దాదాపు అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా ఏఎస్ఈ నిలబడడానికి ఈ ఒక్క విభజనే ముఖ్య కారణం అనవచ్చు.

సిలికాన్‌తోనే ఒక లెక్క పూర్తిగా చూద్దాం. రెండు పరమాణువుల ప్రిమిటివ్ సెల్ (స్ఫటికంలో పునరావృతమయ్యే అతి చిన్న ముక్క) తీసుకుని, లాటిస్ పారామీటర్ (స్ఫటిక గడి పొడవు) 5.43 ఆంగ్‌స్ట్రామ్‌లతో మొదలుపెట్టాలి. ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కించే నమూనా బిందువులైన కె-పాయింట్ల వల 8×8×8. ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావానికి వాడే ఉజ్జాయింపు సూత్రం పీబీఈ ఫంక్షనల్. ఇలాంటి క్వాంటమ్ లెక్కనే డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ) అంటారు. లాటిస్ పారామీటర్‌ను 0.98 రెట్ల నుంచి 1.02 రెట్ల వరకు ఏడు మెట్లుగా మార్చి, ప్రతి మెట్టులో శక్తి, ఘనపరిమాణం రాసుకోవాలి. ఆ ఏడు బిందువులను ఈక్వేషన్ ఆఫ్ స్టేట్ తరగతికి ఇస్తే సమతుల్య ఘనపరిమాణం, బల్క్ మాడ్యులస్ (నొక్కుడుకు స్ఫటికం చూపే ప్రతిఘటన) వస్తాయి. పీబీఈతో లాటిస్ పారామీటర్ 5.47 దగ్గర, బల్క్ మాడ్యులస్ 88-89 గిగాపాస్కల్‌ల దగ్గర రావాలి. ప్రయోగంలో కొలిచినవి 5.43, సుమారు 98. ఈ తేడా పీబీఈ స్వభావం. అది బంధాలను కాస్త వదులుగా చూపిస్తుంది. కాబట్టి లెక్కలో ‘సరిగ్గా 98’ వస్తే సంబరపడకూడదు, ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని వెతకాలి.

మెట్లు అటూ ఇటూ రెండు శాతం వరకే ఎందుకు? సమతుల్యత దగ్గర శక్తి పెరుగుదల అనేది బల్క్ మాడ్యులస్, ఘనపరిమాణం, సాపేక్ష మార్పు వర్గం, ఈ మూడింటి లబ్ధంలో సగం. సిలికాన్ ప్రిమిటివ్ సెల్ ఘనపరిమాణం సుమారు 41 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. లాటిస్‌ను 0.2 శాతమే మారిస్తే ఘనపరిమాణం 0.6 శాతం మారుతుంది, శక్తి పెరిగేది 0.4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. లెక్కలోని సంఖ్యా రొద ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు ఉంటే ఆ వక్రం కనిపించదు. రెండు శాతం మారిస్తే పెరుగుదల 40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, రొద దాని ముందు నిలవదు. అలాగని ఎనిమిది, పది శాతానికి వెళితే వక్రం పరావలయంలా ఉండదు, ఏ సమీకరణంతో ఫిట్ చేశామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఏఎస్ఈలో ఏమీ చెప్పకపోతే వాడే సమీకరణం ‘ఎస్‌జే’. పత్రాల్లో ఎక్కువగా కనిపించే బర్చ్-మర్నహాన్ కావాలంటే ఆ పేరు విడిగా రాయాలి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. కె-పాయింట్లను ‘ఇంత సాంద్రత’ అని ఇస్తే, సెల్ పెద్దదయ్యే కొద్దీ వల 8×8×8 నుంచి 7×7×7కు జారిపోవచ్చు. ఏడు బిందువుల్లో నాలుగు ఒక వలతో, మూడు ఇంకో వలతో లెక్కవుతాయి. వక్రంలో చిన్న మెట్టు పడుతుంది, ఫిట్ దాన్ని మింగేసి తప్పుడు మాడ్యులస్ ఇస్తుంది. ఈ లెక్కకు వలను అంకెలతోనే కట్టేయాలి.

ప్రమాణాలు

ఏఎస్ఈలో శక్తి ఎలక్ట్రాన్ వోల్టులు, దూరం ఆంగ్‌స్ట్రామ్‌లు, ద్రవ్యరాశి పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు. ఈ మూడూ ఖాయమయ్యాక కాలానికి ప్రమాణం దానంతటదే తేలుతుంది, అది 10.18 ఫెమ్టోసెకండ్లు. పరమాణువుల కదలికను మెట్టుమెట్టుగా నడిపే మాలిక్యులర్ డైనమిక్స్‌లో కాలపు మెట్టు ‘1’ అని రాస్తే ఏఎస్ఈ ఒక ఫెమ్టోసెకండ్ అనుకోదు, పదికి పైగా అనుకుంటుంది. సిలికాన్‌లో అత్యంత వేగమైన కంపనం ఒక చుట్టు తిరగడానికి 64 ఫెమ్టోసెకండ్లు పడుతుంది కాబట్టి లెక్క ఎలాగోలా నడిచినట్టే కనిపించవచ్చు, కానీ శక్తి మెల్లగా జారుతూ ఉంటుంది. నీటిలో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం ఊగడానికి పట్టేది 9 ఫెమ్టోసెకండ్లే. అక్కడ అదే స్క్రిప్టు కొద్ది మెట్లలోనే పేలిపోతుంది. నిజానికి పేలిపోవడమే మేలు, తప్పు బయటపడుతుంది. మెట్టును ఎప్పుడూ యూనిట్స్ మాడ్యూల్‌లోని ఫెమ్టోసెకండ్‌తో గుణించి రాయాలి. సిలికాన్‌కు 1 నుంచి 2, హైడ్రోజన్ ఉంటే 0.5.

ఉష్ణోగ్రతను నిలిపి ఉంచే లాంజెవిన్ థర్మోస్టాట్‌లో ఘర్షణ గుణకానిదీ ఇదే కథ. 0.01ను ఫెమ్టోసెకండ్‌తో భాగిస్తే ఒక అర్థం, భాగించకుండా వదిలేస్తే దానికి పదో వంతు. పరమాణువులను కనిష్ఠ శక్తి స్థానంలో ఉంచి 600 కెల్విన్ వేగాలు ఇచ్చి, థర్మోస్టాట్ లేకుండా వదిలితే ఉష్ణోగ్రత 300 దగ్గర స్థిరపడుతుంది. అది బగ్ కాదు. గతి శక్తిలో సగం స్థితి శక్తిగా మారుతుంది, అంతే.

ప్రతిబలం ఇంకో రకం. ఏఎస్ఈ దాన్ని ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు ఎలక్ట్రాన్ వోల్టులలో ఇస్తుంది, అలాంటి ఒక ప్రమాణం 160.2 గిగాపాస్కల్‌లు. అందులో నొక్కిన స్ఫటికం ప్రతిబలం రుణాత్మకం. వాస్ప్ అనే డీఎఫ్‌టీ ప్రోగ్రామ్ కిలోబార్లలో, గుర్తు తిరగేసి ముద్రిస్తుంది. ఆరు అంశాల వరుస కూడా వేరు: ఏఎస్ఈలో కర్ణం మూడింటి తర్వాత వైజెడ్, ఎక్స్‌జెడ్, ఎక్స్‌వై వస్తే, వాస్ప్‌లో ఎక్స్‌వై, వైజెడ్, జెడ్‌ఎక్స్ వస్తాయి. ఏఎస్ఈ రీడర్ ద్వారా చదివితే ఇదంతా తానే సర్దుతుంది. సొంత స్క్రిప్టుతో అవుట్‌పుట్‌ను తవ్వి మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు శిక్షణ డేటా తయారుచేసేవారు మాత్రం మైనస్ 0.1తో గుణించడం మర్చిపోతే, నొక్కితే ఉబ్బే పదార్థాన్ని మోడల్‌కు నేర్పినట్టవుతుంది.

క్వాంటమ్ ఎస్ప్రెసోలో కటాఫ్ (లెక్కలో వాడే తరంగాల గరిష్ఠ శక్తి) రిడ్‌బర్గ్‌లలో ఇవ్వాలి. 40 రిడ్‌బర్గ్‌లంటే 544 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్కడో చూసిన ‘కటాఫ్ 520’ అన్న అంకెను అలాగే ఇక్కడ దింపితే జవాబు తప్పు కాదు గానీ, లెక్క ఎప్పటికీ తెమలదు.

సగం నిండిన స్థానాలు

పైమాట్‌జెన్ గురించిన పత్రం 2013లో వచ్చింది. 2011లో మొదలైన మెటీరియల్స్ ప్రాజెక్ట్ డేటాబేస్‌కు ఇదే వెన్నెముక. స్ఫటికాన్ని ‘స్ట్రక్చర్’ ఆబ్జెక్టుగా పట్టుకుని, సూపర్‌సెల్‌లు, ఉపరితలాలు, ఫేజ్ డయాగ్రామ్‌లు గీయడంలో దీనికి సాటి మరొకటి లేదు. డేటాబేస్ నుంచి స్ఫటికాన్ని దించుకోవడానికి ఎంపీ-ఏపీఐ ప్యాకేజీ, ఉచితంగా దొరికే ఒక ఏపీఐ కీ చాలు. సిలికాన్ అక్కడ ఎంపీ-149.

స్ఫటిక వివరాలు రాసి ఉంచే సీఐఎఫ్ ఫైళ్ల దగ్గర ఏఎస్ఈ, పైమాట్‌జెన్‌ల స్వభావం తేడా తెలుస్తుంది. బ్యాటరీలోని లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌లో సగం లిథియం బయటికి పోయిన దశను ఎక్స్-రే కొలిస్తే, సీఐఎఫ్‌లో ప్రతి లిథియం స్థానం దగ్గరా ‘0.5’ అని రాసి ఉంటుంది. పైమాట్‌జెన్ దాన్ని 0.5గానే దాచుకుంటుంది. ఏఎస్ఈ రూపంలోకి మార్చమంటే క్రమం లేని స్ఫటికాన్ని మార్చలేనని ఆగిపోతుంది. అదే ఫైలును నేరుగా ఏఎస్ఈతో చదివితే ఆక్యుపెన్సీ (స్థానం ఎంత నిండిందన్న) వివరం ఇన్ఫో నిఘంటువులోకి వెళ్లిపోయి, ఆటమ్స్ ఆబ్జెక్టులో నిండు లిథియం పరమాణువులే కూర్చుంటాయి. సగం ఖాళీ అయిన బ్యాటరీ బదులు నిండు బ్యాటరీ మీద లెక్క నడుస్తుంది. చదివిన వెంటనే రసాయన సూత్రాన్ని ముద్రించి చూసుకోవడం ఒక్క వరుస పని, అది మానకూడదు.

సగం స్థానాలను నిజంగా ఖాళీ చేయాలంటే అమరికలు ఎంచుకోవాలి. 8 లిథియం స్థానాల్లో 4 నింపడానికి 70 మార్గాలు. 16లో 8కి 12,870. 24లో 12కి 27,04,156. సౌష్ఠవం చాలావాటిని ఒకటిగా కలిపేస్తుంది, మిగిలినవాటిని పైమాట్‌జెన్‌లోని ఆర్డరింగ్ పరివర్తన ఈవాల్డ్ స్థిర విద్యుత్ శక్తి క్రమంలో పేరుస్తుంది. దానికి ముందు ఆక్సిడేషన్ స్థితులు తగిలించాలి. ఈ ర్యాంకింగ్ వడపోతకే పనికొస్తుంది. పైన వచ్చిన పది, ఇరవై అమరికలకు డీఎఫ్‌టీ చేసి చూస్తే వరుస తారుమారు కావడం మామూలే.

అయస్కాంతత్వం మామూలు సీఐఎఫ్‌లో ఉండదు. ఇనుము, నికెల్, మాంగనీస్ ఉన్న స్ఫటికాన్ని ఫైలు నుంచి చదివి, తొలి అయస్కాంత భ్రామకాలు పెట్టకుండా స్పిన్ లెక్క నడిపితే, సున్నా దగ్గర మొదలై సున్నా దగ్గరే స్థిరపడవచ్చు. కన్వర్జ్ అయిందనే చెబుతుంది. పైమాట్‌జెన్ ఇన్‌పుట్ సెట్లు తొలి భ్రామకాలు పెడతాయి గానీ అన్నీ ఒకే దిశలో. హెమటైట్, నికెల్ ఆక్సైడ్ యాంటీఫెర్రో అయస్కాంతాలు, వాటికి ఎదురెదురు స్పిన్‌లు చేత్తో పెట్టాల్సిందే.

సౌష్ఠవం, కంపనాలు

సౌష్ఠవాన్ని కనిపెట్టే పని దాదాపు అన్ని చోట్లా ఎస్‌పీజీలిబ్‌దే. అత్సుషి తోగో రూపొందించిన లైబ్రరీ ఇది, ఫోనోపై కూడా ఆయనదే. ప్రతి పిలుపులోనూ ఒక సహన పరిమితి ఉంటుంది. ఎస్‌పీజీలిబ్‌కు ఏమీ చెప్పకపోతే అది ఆంగ్‌స్ట్రామ్‌లో లక్షో వంతు. పైమాట్‌జెన్‌లోని విశ్లేషకానికి 0.01. ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు స్పేస్ గ్రూపులు (సౌష్ఠవ వర్గాలు) వస్తున్నాయంటే ముందు ఇదే చూడాలి. షడ్భుజ స్ఫటికంలో మూడో వంతును ఫైలులో 0.3333 అని కత్తిరించి రాసినా చాలు: 5 ఆంగ్‌స్ట్రామ్‌ల సెల్‌లో పరమాణువు 0.00017 ఆంగ్‌స్ట్రామ్ పక్కకు జరిగినట్టు. లక్షో వంతు పరిమితికి అది పెద్ద తేడా, సౌష్ఠవం విరిగిపోతుంది.

దాని మూల్యం ఫోనోపైలో తెలుస్తుంది. ఫోనోపై పద్ధతి ఇది: సూపర్‌సెల్‌లో ఒక పరమాణువును 0.01 ఆంగ్‌స్ట్రామ్ కదిపి, మిగతా అన్నిటి మీదా ఏర్పడిన బలాలు కొలిచి, వాటి నుంచి కంపనాల పౌనఃపున్యాలు తీయడం. సిలికాన్ ఎనిమిది పరమాణువుల సెల్‌ను 2×2×2గా పెంచితే 64 పరమాణువులు. సౌష్ఠవం సరిగ్గా పట్టుబడితే ఒక్క కదలిక, ఒక్క లెక్క చాలు. అసలే పట్టుబడకపోతే ఎనిమిది పరమాణువులు, మూడు దిశలు, ముందుకూ వెనక్కూ కలిపి 48 లెక్కలు. ఒక రోజు పని ఏడు వారాలవుతుంది.

ఇక బలాల కచ్చితత్వం. సిలికాన్ పరమాణువును 0.01 ఆంగ్‌స్ట్రామ్ కదిపితే దాని మీద వెనక్కి లాగే బలం ఆంగ్‌స్ట్రామ్‌కు సుమారు 0.14 ఎలక్ట్రాన్ వోల్టు. పక్కవాటి మీద దానికంటే తక్కువ, దూరంగా ఉన్నవాటి మీద అందులో ఎన్నో వంతో. ఏఎస్ఈ ఆప్టిమైజర్‌కు ఏమీ చెప్పకపోతే బలాలు 0.05కు దిగగానే ఆగిపోతుంది. అంటే కొలవబోయే సంకేతంలో మూడో వంతు అప్పటికే కల్మషంగా మిగిలి ఉంటుంది. సిలికాన్‌లో సౌష్ఠవం వల్ల మిగులు బలాలు సున్నాయే కాబట్టి ఇది బయటపడదు. క్వార్ట్జ్ లాంటి స్ఫటికంలో పడుతుంది, నిజానికి లేని ఊహాత్మక పౌనఃపున్యాలు గ్రాఫులో సున్నా కింద రుణ సంఖ్యలుగా కనిపిస్తాయి. స్ఫటికం అస్థిరమని తీర్మానించే ముందు పరిమితిని 0.001 లేదా ఇంకా కిందికి దింపి రిలాక్స్ చేయాలి, ఎలక్ట్రానిక్ కన్వర్జెన్స్‌ను బిగించాలి, సూపర్‌సెల్ పెంచి చూడాలి. మూడూ చేశాక కూడా ఆ రుణ పౌనఃపున్యం కదలకపోతే అప్పుడు అది భౌతిక శాస్త్రం. గామా బిందువు (అనంత తరంగదైర్ఘ్యం) దగ్గర సన్నగా దిగే చిన్న రుణ విలువ, అందులోనూ గ్రాఫీన్ వంటి పొరల్లో, ఎక్కువగా సంఖ్యా దోషమే. మెగ్నీషియం ఆక్సైడ్ లాంటి అయానిక్ స్ఫటికాలకు బార్న్ ఆవేశాలు, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం ఇవ్వకపోతే గామా దగ్గర రేఖాంశ, తిర్యక్ కంపనాలు విడిపోవు.

ఫోనోపైలోనూ ప్రమాణాల అతుకు ఉంది. బలాలు ఎలక్ట్రాన్ వోల్టులు, ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటే పౌనఃపున్యాన్ని టెరాహెర్ట్జ్‌లోకి మార్చే గుణకం 15.633. క్వాంటమ్ ఎస్ప్రెసో తరహాలో రిడ్‌బర్గ్, బోర్‌లలో ఉంటే 108.97. ఏఎస్ఈ ద్వారా క్వాంటమ్ ఎస్ప్రెసో నడిపితే బలాలు ముందే ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మారిపోయి వస్తాయి. లెక్క చేసింది ఎస్ప్రెసోయే కదా అని ఫోనోపైకి ఎస్ప్రెసో ఆప్షన్ ఇస్తే పౌనఃపున్యాలు ఏడు రెట్లు పెరిగిపోతాయి. సిలికాన్‌లో గామా దగ్గర పై కంపనం ప్రయోగంలో 15.6 టెరాహెర్ట్జ్. గ్రాఫులో 108 కనిపిస్తే భౌతిక శాస్త్రాన్ని అనుమానించనక్కర్లేదు, గుణకం రెండుసార్లు పడింది.

శక్తుల పోలిక

కొత్త పదార్థం నిలుస్తుందా, విడిపోతుందా అని చూడడానికి పైమాట్‌జెన్ ఫేజ్ డయాగ్రామ్‌లో దాని శక్తి హల్‌కు (అత్యంత స్థిరమైన ఫేజుల శక్తులను కలిపే సరిహద్దుకు) ఎంత పైన ఉందో చూస్తారు. అందరూ ఆరాటపడేది పరమాణువుకు 25, 50 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల తేడాల గురించి. సొంతంగా లెక్కించిన ఒక్క శక్తిని డేటాబేస్ నుంచి దించిన మిగతావాటితో కలిపేస్తే ఆ తేడాలకు అర్థమే ఉండదు. మెటీరియల్స్ ప్రాజెక్ట్ ఆక్సైడ్‌లలో ఇనుముకు 5.3 ఎలక్ట్రాన్ వోల్టుల యు విలువ (ఎలక్ట్రాన్ల వికర్షణకు దిద్దుబాటు) పెడుతుంది, ఆపైన అనుభవపూర్వక దిద్దుబాట్లు వేస్తుంది. 2020 దిద్దుబాటు పథకంలో ఆక్సైడ్‌లోని ప్రతి ఆక్సిజన్‌కు మైనస్ 0.687, ప్రతి ఇనుముకు మైనస్ 2.256. హెమటైట్‌లో రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్‌లు కాబట్టి మొత్తం మైనస్ 6.573, అంటే పరమాణువుకు 1.3 ఎలక్ట్రాన్ వోల్టులు. వెతుకుతున్న తేడాకు ఇది పాతిక, యాభై రెట్లు. అందుకని సొంత లెక్కను కూడా అదే ఇన్‌పుట్ సెట్‌తో, అదే సూడోపొటెన్షియల్‌లతో (లోపలి ఎలక్ట్రాన్‌లకు బదులు వాడే నమూనాలతో) చేసి, కంప్యూటెడ్ ఎంట్రీగా మార్చి, అన్నిటినీ కలిపి ఒకేసారి దిద్దుబాటు తరగతి గుండా పంపాలి. వేరే సూడోపొటెన్షియల్‌లు వాడితే పోటీలో ఉన్న ప్రతి ఫేజునూ మళ్లీ లెక్కించుకోవడమే దారి. శ్రమే, కానీ దగ్గరి దారి లేదు.

మెషీన్ లెర్నింగ్ పొటెన్షియల్‌లు వచ్చాక ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది. 2022లో ఎం3జీనెట్, 2023లో సీహెచ్‌జీనెట్, మేస్-ఎంపీ వచ్చాయి. ఏఎస్ఈ కాలిక్యులేటర్‌గా తగిలిస్తే డీఎఫ్‌టీకి గంటలు పట్టే బలాలు క్షణాల్లో వస్తాయి. నిజంగా గొప్ప సౌకర్యం ఇది. అయితే ఇవి నేర్చుకున్నది ప్రధానంగా పీబీఈ లెక్కల నుంచి, కాబట్టి పీబీఈ లోపాలన్నీ వారసత్వంగా వస్తాయి. పొరల మధ్య వాన్ డర్ వాల్స్ ఆకర్షణ పీబీఈలో లేదు, గ్రాఫైట్ పొరల మధ్య 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం రావాలంటే డిస్పర్షన్ దిద్దుబాటును విడిగా తెరవాలి. శిక్షణ డేటాలో సమతుల్యతకు దగ్గరి అమరికలే ఎక్కువ ఉండడంతో, తొలి తరం మోడల్‌లు శక్తి లోయలను అసలుకంటే మెత్తగా చూపుతాయి. పౌనఃపున్యాలు తగ్గి వస్తాయి. శిక్షణకు వాడినవి దిద్దుబాటు వేసిన శక్తులా, వేయనివా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, హల్ మీద పెట్టే ముందు అది చూడకపోతే పైన చెప్పిన 1.3 ఎలక్ట్రాన్ వోల్టుల గొయ్యే మళ్లీ.

మేస్‌ను సంఖ్యా కచ్చితత్వం చెప్పకుండా పిలిస్తే 32 బిట్లలో నడుస్తూ, రిలాక్స్ చేయడానికి 64 బిట్లు మంచిదని తెర మీద హెచ్చరిస్తుంది. ఆ వరుసను చాలామంది దాటేస్తారు. ఫోనోపై కోసం చిన్న బలాల తేడాలు కొలుస్తున్నప్పుడు 64 బిట్లు తప్పనిసరి.

ఎక్కడ నడపాలి

ల్యాప్‌టాప్ మీద కొండా-ఫోర్జ్‌తో విడి ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఇవన్నీ నిమిషాల్లో కూర్చుంటాయి. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఎన్విరాన్‌మెంట్ ఉండాలి. 2024లో నంపై 2 వచ్చినప్పుడు పాత సంకలనాలు చాలా విరిగాయి. అదే ఏడాది ఏఎస్ఈ 3.23లో బయటి ప్రోగ్రామ్‌లను పిలిచే తీరు మారి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మీద ఆధారపడిన పాత ఎస్ప్రెసో స్క్రిప్టులు ప్రొఫైల్ కావాలని అడగడం మొదలుపెట్టాయి. సీనియర్ల స్క్రిప్టు తీసుకునేవారు దాంతోపాటు వెర్షన్ల జాబితా కూడా అడిగి తీసుకోవాలి.

క్లస్టర్ మీద ఎక్కువగా ఎదురయ్యేవి రెండు. ఒకటి, సమాంతరంగా నడిచే ఎంపీఐ ప్రాసెస్‌లు 32 పెట్టి, ఓపెన్ఎంపీ థ్రెడ్‌ల సంఖ్యను 1 అని కట్టకపోతే, ఒక్కో ప్రాసెస్ మళ్లీ 32 థ్రెడ్‌లు తెరిచి, 32 కోర్ల మీద 1,024 కొట్టుకుంటాయి. లెక్క సరిగ్గానే వస్తుంది, ఎన్నో రెట్లు ఆలస్యంగా. రెండోది, చాలాచోట్ల కంప్యూట్ నోడ్‌లకు ఇంటర్నెట్ ఉండదు. మేస్ మోడల్ ఫైలును మొదటిసారి పిలిచినప్పుడు దించుకుంటుంది కాబట్టి జాబు క్యూలో రాత్రంతా ఆగి, మొదలైన నిమిషానికే చచ్చిపోతుంది. లాగిన్ నోడ్ మీద ఒకసారి పిలిచి ఫైలును దించి ఉంచుకుని, జాబులో దాని దారి ఇవ్వాలి.

వందల స్ఫటికాలను వరుసగా నడపాల్సి వస్తే లెక్కలను వరుసగా నడిపించే జాబ్‌ఫ్లో, అటోమేట్2 లేదా ఐడా వైపు వెళ్లవచ్చు. ఐడా ప్రతి సంఖ్య ఏ ఇన్‌పుట్ నుంచి, ఏ కోడ్ నుంచి వచ్చిందో గ్రాఫుగా దాస్తుంది. పది లెక్కల పనికి ఇది బరువే. వెయ్యి లెక్కలు దాటాక ఇది లేకపోతే ఆరు నెలల తర్వాత ఏ ఫోల్డర్‌లో ఏ కటాఫ్ వాడారో ఎవరికీ తెలియదు.

ఏ లైబ్రరీని కొత్త వెర్షన్‌కు మార్చినా, ఏ కొత్త క్లస్టర్‌కు వెళ్లినా, అసలు పదార్థం ముట్టుకోకముందు సిలికాన్‌ను పీబీఈతో ఒకసారి నడపాలి. లాటిస్ 5.47, మాడ్యులస్ 88-89, పై ఫోనాన్ (కంపనం) 15 టెరాహెర్ట్జ్‌ల పరిసరాల్లో, సహన పరిమితి 0.01తో స్పేస్ గ్రూప్ 227. నాలుగు అంకెలు, ల్యాప్‌టాప్ మీదైనా ఒక పూటలో తేలే పని. ఏదైనా ఒకటి తప్పితే ఏ అతుకు దగ్గర ఊడిందో ఆ అంకే చూపిస్తుంది.